కళింగపట్నం దారిలో కల్లు పాక: ఐదు వేసవుల తర్వాత

తాటికల్లు రుచి ఎలా ఉంటుందో, ఎండు మెత్తళ్ళ వేపుడు పక్కన పెట్టుకుంటే ఎంత బాగుంటుందో శ్రీకాకుళం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఈ పాక గురించి రాయడానికి కారణం ఒక్కటే. ఇక్కడ కల్లు పోసే అమ్మ, కుండ చెట్టు దిగి ఎంతసేపైందో మనం అడక్కుండానే చెబుతుంది. తాగే టైం దాటిపోతే ఎంత బతిమాలినా పొయ్యదు. 2021 మార్చి నుంచి ప్రతి వేసవీ వెళ్తున్నాను. ఇలా చెప్పే మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

గార మీదుగా కళింగపట్నం వెళ్ళే రోడ్డు దిగి, కాస్త లోపలికి పోతే చేల గట్ల మీద తాడిచెట్లు వరసగా కనిపిస్తాయి. వాటి కిందే పాక. బోర్డు లేదు, బల్లలు లేవు. మొదటిసారి వెళ్ళేసరికి పదిన్నర దాటింది. తడిపిన గోనెసంచుల కింద నాలుగు కుండలున్నాయి. ఆమె ఒక కుండ మీద గోనె తీసి, వాసన చూసి, మళ్ళీ కప్పేసింది.

"ఇది తాగనేవు బాబూ. పొద్దెక్కిపోనాది. రేపు ఏడింటికి రా."

ఊరి నుంచి ఎండలో బండి మీద అంత దూరం వచ్చిన వాణ్ణి. డబ్బులు చేతిలో పెట్టుకుని అడిగినా పొయ్యలేదు. ఆ రోజు నిజంగా కోపం వచ్చింది. పక్కనున్న ఇద్దరు ముసలివాళ్ళు మాత్రం అదే కుండలోంచి పోయించుకుని తాగుతున్నారు. వాళ్ళకి పులుపు అలవాటట.

మర్నాడు ఆరున్నరకే వెళ్ళాను. ఆమె పెనిమిటి మోకు వేసుకుని చెట్టు దిగుతున్నాడు, నడుముకి కుండ వేలాడుతోంది. కుండ బయటంతా తడి, అంచు మీద రెండు తేనెటీగలు. కొబ్బరి మట్ట మొదట్లో వలలా అల్లుకుని ఉండే పీచు తీసుకుని, దాంట్లోంచి వడకట్టి తాటాకు డొప్పలో పోసింది. పైన నురగ తెల్లగా, పల్చగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిటమని సన్నటి చప్పుడు. మొదటి గుక్క తీపి, చివర్లో నాలుక మీద కాస్త జివ్వుమంది. తాటాకు పచ్చివాసన కూడా కలిసింది. నేను పన్నెండేళ్ళు బెంగళూరులో ఉండి వచ్చాను. అక్కడ అద్దాల వెనక స్టీలు ట్యాంకులు పెట్టి బీరు కాచి పోసే చోట్లకి చాలాసార్లు వెళ్ళాను. వాటిల్లో బాగున్నవీ ఉన్నాయి. అక్కడి బీరు తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇక్కడ చెట్టు మీద కుండలో బొట్టు పడ్డప్పుడే పని మొదలవుతుంది.

ఆమె టైం ఎందుకు చెబుతుందో నాకు తర్వాత అర్థమైంది. గెల కోసిన చోట కారేది ఒట్టి తియ్యటి నీళ్ళు. గాల్లోంచీ, కుండ గోడకి అంటుకుని ఉన్న పాత మడ్డిలోంచీ ఈస్టు వెంటనే దాన్ని పట్టుకుంటుంది. రెండు మూడు గంటల్లోనే మత్తు వస్తుంది, నాలుగు శాతం దాకా ఆల్కహాల్ చేరుతుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుపు పెరుగుతుంది. ఒక రోజు ఉంచితే వెనిగర్ దారి పడుతుంది. అంటే ఏడు గంటల కల్లూ పదకొండు గంటల కల్లూ ఒకే కుండలోవి అయినా రెండు వేరు వేరు సరుకులు. మిగతా చోట్ల రెండిటికీ ఒకటే పేరు, ఒకటే ధర. ఈమె మాత్రం "ఇది ఆరింటిది", "ఇది రాత్రి కట్టింది, తెల్లారి దింపినాం" అని వేరు చేసి చెబుతుంది.

రెండో ఏడు ఇంకొకటి తెలిసింది. మూలన ఒక చిన్న కుండ వేరే పెట్టి ఉంటుంది, లోపలంతా సున్నం పూసి. సున్నం ఉంటే ఈస్టు పని చెయ్యదు, నీరు తియ్యగానే ఉంటుంది. నీరా అనేది అదే. మనవల కోసం ఆ ఒక్క కుండ కడతారు. ఒకరోజు పిల్లలు రాలేదని నాకు ఒక డొప్ప పోసింది. చెరుకురసం కంటే తేలిక, వెనకాల తాటిముంజు వాసన. ఐదేళ్ళలో అక్కడ నేను తాగిన వాటిల్లో నాకు బాగా గుర్తున్నది అదే, అందులో మత్తే లేదు.

ఇక 2024 ఏప్రిల్ సంగతి. బెంగళూరులో నాతో పనిచేసిన ఇద్దరు స్నేహితులు వచ్చారు. పొద్దున్నే శాలిహుండం కొండ ఎక్కి, స్తూపాలు చూసి, వంశధార మీద ఎండ పడడం చూసి, తొమ్మిదింటికి పాకకి తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఈమె గురించే చెప్పాను. తీరా వెళ్తే ఆమె లేదు. కూతురి పురిటికి వెళ్ళిందట. మేనల్లుడు కూర్చున్నాడు, పాతికేళ్ళ కుర్రాడు.

"ఇప్పుడే దిగింది సార్" అన్నాడు.

కుండ చూశాను. బయటంతా పొడిగా ఉంది. ఒక్క తేనెటీగ లేదు, చీమ లేదు. నురగ కాస్త పసుపు రంగులో బిళ్ళకట్టినట్టు నిలబడి ఉంది, చప్పుడు లేదు. ఇవన్నీ నాకు కనిపించాయి. కానీ వచ్చిన వాళ్ళ ముందు ఆ కుర్రాణ్ణి అబద్ధం చెబుతున్నావనడానికి మొహమాటం అడ్డొచ్చింది. నేనే రెండు డొప్పలు తాగి వాళ్ళకి ధైర్యం చెప్పాను. తర్వాత తెలిసింది, ముందురోజు సాయంత్రం మిగిలినదాన్ని పొద్దుటి కల్లులో కలిపేశాడు.

పదకొండింటికి ఒకతనికి వాంతులు మొదలయ్యాయి. శ్రీకాకుళం చేరేలోపు మూడుసార్లు కారాపాం. ఆస్పత్రిలో రెండు సెలైన్లు ఎక్కించారు. ఆమదాలవలసలో రాత్రి రైలు ఎక్కాల్సిన వాళ్ళు మా ఇంట్లోనే పడుకున్నారు. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తెల్లవార్లూ అతని పక్కన కూర్చుంటే, కుండ పొడిగా ఉండడమే కళ్ళ ముందు మెదిలింది.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఆమె ఉంది. జరిగింది చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నా తప్పే బాబూ. నేను లేనప్పుడు అమ్మొద్దన్నాను, ఇన్నేదు" అంది. ఆ రోజు డబ్బులు తీసుకోనంది. గోనె కింద పెట్టి వచ్చేశాను.

కాబట్టి పైన ఈ పాక గురించి నేను రాసిన మంచి మాటలన్నిటికీ ముందు "ఆమె ఉన్న రోజు" అని కలుపుకుని చదువుకోండి. ఆమెకి మోకాళ్ళ నొప్పులు, వారంలో ఒకటి రెండు రోజులు రాదు. ఆ రోజుల్లో ఇప్పటికీ ఆ కుర్రాడే కూర్చుంటున్నాడు. ఇప్పుడు కొంచెం నయం అంటున్నారు, నేను మాత్రం పరీక్షించి చూడలేదు. పోయినేడు నుంచి వెనకాల ప్లాస్టిక్ కేన్లు కూడా కనిపిస్తున్నాయి, బండ్ల మీద ఊళ్ళోకి పంపడానికి. కేన్లో పోసిన కల్లు ఏ టైంలో దిగిందో ఎవరు చెబుతారు? నాకది నచ్చలేదు. ఆమెతో చెప్పాను కూడా. కుండ బరువు, బండి మీద పగిలిపోతుంది అంది. అదీ నిజమే.

2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారని వార్తలొచ్చినప్పుడు మా ఆవిడ ఇక మానెయ్యమంది. చెట్టు దిగుతుండగా నా కళ్ళతో చూసిన కుండలోదే తాగుతానని మాటిచ్చాను. ఆ మాట మీదే వెళ్తున్నాను. ఇద్దరు ముగ్గురు వచ్చాక మిగిలింది తాగే అలవాటు ఉన్నవాళ్ళకి ఈ నియమం కుదరదు.

నా పరిస్థితి వేరని కూడా చెప్పాలి. నాకు షుగరు అంచు మీద ఉంది, ఇప్పుడు ఒక్క డొప్పతో ఆపేస్తున్నాను. తిరుగు ప్రయాణంలో బండి మా బామ్మర్ది నడుపుతాడు, అతను ముట్టడు. ఇల్లు శ్రీకాకుళంలోనే కాబట్టి ఐదింటికి లేస్తే సరిపోతుంది. విశాఖ నుంచి తీరిగ్గా బయల్దేరి పదింటికి చేరేవాళ్ళని రమ్మనలేను, వాళ్ళకి దొరికేది నాకు మొదటిరోజు పొయ్యనన్న కల్లే. మార్చి నుంచి మే నెలాఖరు లోపు, పొద్దున్న ఏడింటి లోపల, ఆమె కూర్చుని ఉంటే మాత్రం వెళ్ళండి.

వచ్చే ఆదివారం మేం వెళ్తున్నాం. మా అమ్మాయి కూడా వస్తానంది, సున్నం కుండ కోసం. శనివారం మధ్యాహ్నమే ఆమెకి ఫోన్ చెయ్యాలి. సాయంత్రం చెట్టెక్కే ముందు చెప్పకపోతే ఆ కుండ కట్టరు.