రేడియో స్పీకరా, స్టీరియో బాక్సు వూఫరా: పాతవాటిలో ఏది మేలు?

ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్లొచ్చినవాళ్లు సాయంత్రానికల్లా ఫొటోలు పంపడం మొదలుపెడతారు. ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే. "అన్నా, పాత వాల్వ్ రేడియోలోంచి తీసిన ఎనిమిదంగుళాల స్పీకర్లు దొరికాయి. ఇంట్లో నాన్నగారి స్టీరియో బాక్సుల వూఫర్లు కూడా ఉన్నాయి. దేనితో బాక్సులు చేసుకోమంటావు?" వాల్వ్ రేడియో అంటే ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు వాల్వులతో పలికినది, వూఫర్ అంటే స్టీరియో బాక్సులో బేస్ పలికే పెద్ద స్పీకర్. రెండు నెలల కిందట నాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. అటక మీద రెండు రకాలూ ఉన్నాయి, హాల్లో చోటు ఒక్క జతకే ఉంది. నేను రేడియో స్పీకర్లనే దించాను. ఎందుకో చెప్తాను గానీ, ఆ కారణం మాగ్నెట్ కాదు, కంపెనీ పేరూ కాదు.

కొనేటప్పుడు అందరి చెయ్యీ ముందు మాగ్నెట్ మీదకే పోతుంది. అమ్మేవాడు కూడా "బరువు చూడండి సార్" అనే మొదలుపెడతాడు. బరువు లెక్కన చూస్తే రేడియో స్పీకర్ ప్రతిసారీ ఓడిపోతుంది. వెనక వెడల్పాటి నల్ల చక్రంలా ఉంటే అది ఫెరైట్, అంటే ఐరన్ ఆక్సైడ్‌తో చేసిన మాగ్నెట్. చిన్న గిన్నె బోర్లించినట్టో, గుర్రపు నాడాలానో ఉంటే చాలావరకు ఆల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం. ఫిలిప్స్ వాళ్లు తమ రకానికి టైకోనాల్ అని పేరు పెట్టుకున్నారు. 1978లో కోబాల్ట్ ఎక్కువగా వచ్చే జైర్‌లో (ఇప్పటి కాంగో) గొడవలు రేగి కోబాల్ట్ ధర ఆకాశానికి ఎగబాకడంతో, స్పీకర్ల కంపెనీలు ఒకదాని వెనక ఒకటి ఫెరైట్‌కు మారాయి. అందుకే ఆ గిన్నె ఆకారం కనిపిస్తే స్పీకర్ వయసు సుమారుగా తెలిసినట్టే.

స్క్రూడ్రైవర్ అంటించి చూసి "దీనికి పవర్ పోయింది" అని పక్కన పడేసేవాళ్లనూ చూశాను. ఆల్నికోలో మాగ్నెట్ ఇనుప గిన్నె లోపల ఉంటుంది. దాని శక్తి దాదాపు అంతా కాయిల్ (ముందున్న కాగితం కోన్‌ను ఊపే తీగచుట్ట) కదిలే సందులోకే పోతుంది, బయటికి పెద్దగా కారదు. ఫెరైట్ చక్రం చుట్టూ మాత్రం బోలెడంత కారుతుంది. కాబట్టి బయట స్క్రూడ్రైవర్ గట్టిగా అంటుకోకపోవడం లోపం కానే కాదు. నా దగ్గరున్న రెండింటిలో ఒకటి ఇలా ఎవరో వద్దని పక్కన పెట్టేసిందే.

గుర్తుపట్టడం విషయానికొస్తే, అమెరికాలో గరాజ్ సేల్స్‌లో పాత కన్సోల్ స్టీరియోలు (ఒకే పెద్ద చెక్క పెట్టెలో స్పీకర్లతో సహా అమర్చినవి) కొనే మనవాళ్ల పని సులువు. ఫ్రేమ్ మీద అంకెలు గుద్ది ఉంటాయి. మొదటి మూడూ కంపెనీ: 220 అయితే జెన్సెన్, 137 సీటీఎస్, 285 రోలా, 328 యూటా, 465 ఆక్స్‌ఫర్డ్. తర్వాత సంవత్సరం, ఆపైన వారం. 220632 అంటే జెన్సెన్ వాళ్లు 6తో ముగిసే ఏదో సంవత్సరంలో 32వ వారం చేసింది. 1956వా, 1966వా అన్నది మిగతా వాలకం చూసి మనమే తేల్చుకోవాలి. ఇక్కడి సంతల్లో దొరికే రేడియో స్పీకర్లకు ఇలాంటి సౌకర్యం అంతగా ఉండదు. అందుకని దొరికితే ఆ రేడియో వెనక అట్టను కూడా అడిగి తెచ్చుకోండి. మోడల్ నంబరు దాని మీదే ఉంటుంది. ఇంకో మాట, ఆడుతున్న రేడియోను చంపి స్పీకర్ తీయకండి. చెక్క పగిలి, వాల్వులు పోయి, తూకానికి పోబోయేవి బోలెడున్నాయి.

ఇంటికి తెచ్చాక మొదటి పని ఓంలు చూడటం. 8 ఓంల స్పీకర్ మల్టీమీటర్‌లో 6, 7 మధ్య చూపిస్తుంది. రేడియోలవి ఎక్కువగా 3 నుంచి 5 ఓంలవి. పాత బ్రిటిష్‌వాటిలో 15 కూడా ఉంటాయి. ఫ్రేమ్‌కే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ బిగించి ఉంటే దాని తీగలు విప్పి, కాయిల్ ట్యాగుల దగ్గరే చూడాలి. అప్పుడు కూడా మీటర్ వందల్లో చూపిస్తే కంగారు పడి చెత్తలో వేయకండి. 1950ల్లో ఫిలిప్స్ వాళ్లు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేకుండా చేయాలని 800 ఓంల స్పీకర్లు తెచ్చారు. పేరుమోసిన వాళ్ల 9710 మోడల్‌లోనూ ఆ రకం ఉంది. మన ఆంప్లిఫైయర్‌తో నేరుగా అది పలకదు. మైక్ సెట్లవాళ్లు వాడే 100 వోల్టుల లైన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరగేసి, అంటే దాని స్పీకర్ వైపు ఆంప్లిఫైయర్‌ను, లైన్ వైపు ఈ స్పీకర్‌ను కలిపితే పలుకుతుంది. లైన్ వైపు 10 వాట్ల ట్యాప్ (తీగ కలిపే చోటు) 1000 ఓంలు కాబట్టి దగ్గర దగ్గరగా కుదురుతుంది.

ఇక అసలు విషయం. ఏది మేలో తేల్చేది నా దృష్టిలో క్యూటీఎస్ ఒక్కటే. కోన్ ఊగడం మొదలెట్టాక దానికి బ్రేక్ ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకె అది. తక్కువైతే బ్రేక్ గట్టిది, ఎక్కువైతే వదులు. వాల్వ్ రేడియోకు వెనక వైపు తెరిచే ఉంటుంది, చిల్లుల అట్ట తప్ప ఏమీ ఉండదు. ఆ స్పీకర్‌ను తయారుచేసిందే అలా గాలిలో ఆడటానికి. తేలికైన కాగితం కోన్, చిన్న మాగ్నెట్, కాబట్టి క్యూటీఎస్ సాధారణంగా 0.7 పైనే ఉంటుంది. స్టీరియో బాక్సు వూఫర్ దీనికి తిరగబడ్డ రకం. అది మూసిన పెట్టెలో ఉండటానికే పుట్టింది, దాని అంకె 0.3, 0.5 మధ్య తిరుగుతుంది. ఈ లెక్కలను ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో రాశారు, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ పెంచి పూర్తిచేశారు. మన రేడియో స్పీకర్లలో చాలావరకు అంతకంటే పాతవి, లేదా ఆ లెక్కలు చూడకుండా చేసినవి. కాబట్టి స్పెసిఫికేషన్ కాగితం కోసం వెతకడం దండగ, మనమే కొలుచుకోవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, ఒక ఆంప్లిఫైయర్, 1000 ఓంల రెసిస్టర్, ఏసీ మిల్లీవోల్టులు చూపించే మీటర్ ఉంటే చాలు. సంతలో దొరికే పసుపుపచ్చ మీటర్లలో చాలావాటికి ఏసీ 200 వోల్టుల నుంచే ఉంటుంది, దానితో పని జరగదు. ఆంప్లిఫైయర్ నుంచి 10 వోల్టులు పెట్టి, రెసిస్టర్‌ను స్పీకర్‌తో సిరీస్‌లో కలిపితే, స్పీకర్ దగ్గర ప్రతి 10 మిల్లీవోల్టులూ సుమారు ఒక ఓం. నా వాటిలో ఒకదాని సంగతి చెప్తాను. మామూలు డీసీ రెసిస్టెన్స్ 4 ఓంలు. టోన్‌ను తిప్పుతూ పోతే 70 హెర్ట్జ్ దగ్గర 36 ఓంలకు ఎగిరింది. కోన్ తనంతట తానే ఊగడానికి ఇష్టపడే చోటు, అంటే రెజొనెన్స్, అదే. 36ను 4తో భాగిస్తే 9, దాని వర్గమూలం 3. అంటే 4కు మూడు రెట్లు, 12 ఓంలు ఎక్కడెక్కడ వస్తున్నాయో చూడాలి. అవి 57, 86 దగ్గర దొరికాయి, తేడా 29. 70ని 3తో గుణించి 29తో భాగిస్తే 7.2, దాన్ని మళ్లీ 9తో భాగిస్తే 0.8. అదే క్యూటీఎస్.

ఈ 0.8 స్పీకర్‌ను ముచ్చటగా ఉంటుందని 20 లీటర్ల మూసిన పెట్టెలో పెట్టామనుకోండి. నా దాని వాస్ (కోన్ ఎంత మెత్తగా ఊగుతుందో అంతే మెత్తగా ఉండే గాలి ఎన్ని లీటర్లో చెప్పే అంకె) 60 లీటర్ల దాకా వచ్చింది. 60ని 20తో భాగించి ఒకటి కలిపితే 4, వర్గమూలం 2. అంటే 70 హెర్ట్జ్ కాస్తా 140 అవుతుంది, 0.8 కాస్తా 1.6 అవుతుంది. వినడానికి ఎలా ఉంటుందంటే, ఖాళీ బిందెలో మూతి పెట్టి పాడినట్టు. "పాత స్పీకర్లు పెట్టాను గానీ డబ్బా మోత వస్తోంది అన్నా" అని రాసేవాళ్లలో సగం మంది చేసిన పని ఇదే. స్పీకర్ తప్పు ఇందులో లేదు.

అదే స్పీకర్‌ను 60 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న 18 ఎంఎం ప్లైవుడ్ చెక్కకు, నట్టనడుమ కాకుండా కాస్త పక్కకు బిగించాను. వెనక పెట్టె లేదు. గోడకు మీటరు దూరం. చెక్క అంచుల మీదుగా వెనక శబ్దం ముందుకొచ్చి, 250 హెర్ట్జ్ కిందకు పోయేకొద్దీ బేస్‌ను తినేస్తుంది, నిజమే. కానీ ఆ వదులు బ్రేక్ వల్ల 70 దగ్గర వచ్చే ఉబ్బు కొంత పూడుస్తుంది. పైగా ఇలాంటి చెక్క పక్కలకు చాలా తక్కువ పలుకుతుంది. సిమెంటు గోడలు, టైల్స్ ఉన్న పదీ పన్నెండు అడుగుల గదిలో ఆ తేడా మొదటి పాటకే తెలుస్తుంది. ఘంటసాల గొంతు గది మూలల్లోంచి కాకుండా ఎదురుగా ఒకచోట నిలబడి వస్తుంది. ఇంకో లాభం, ఇవి ఒక్క వాటుకే 93, 94 డెసిబెల్స్ దాకా పలుకుతాయి. 84 ఉన్న వూఫర్‌కు 30 వాట్లు పెట్టాల్సిన చోట దీనికి 3 వాట్లు చాలు. ఎక్కువ పెడితే పోతుంది కూడా, అది గుర్తుంచుకోండి.

వూఫర్లను తక్కువ చేయడం లేదు. ఇళయరాజా 80ల పాటల్లో బేస్ గిటార్ నడక వినాలంటే నా చెక్క చేతులెత్తేస్తుంది. మంచి పెట్టెలోని వూఫర్ దాన్ని స్వరం స్వరంగా చూపిస్తుంది. బాక్సులతో సహా, క్రాసోవర్ (శబ్దాన్ని స్పీకర్లకు పంచే సర్క్యూట్), ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) అన్నీ ఉంటే, ఆలోచించకుండా ఆ బాక్సులనే బాగుచేసుకోండి. క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చండి, చాలు. చిక్కల్లా కోన్ అంచుతో. ఫోమ్ అంచు అయితే మన తేమకు పది, ఇరవై ఏళ్లలో జిగురై, వేలు పెడితే రాలిపోతుంది. రింగులు కొని అతికించుకోవచ్చు, కాయిల్ సరిగ్గా మధ్యలో కూర్చునేలా ఓపికగా చేయాలి. రబ్బరు అంచు ఉన్నవి నయం. బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఏ స్పీకర్ బాక్సులో వాడిన కెఫ్ కంపెనీ బీ110 వూఫర్ అలాంటిదే. రేడియో స్పీకర్లలో అంచు కూడా ఆ కాగితమే, మడతలు పెట్టి ఉంటుంది. ఎలుకలు, చెదలు తప్ప దానికి శత్రువులు లేరు.

ఒక్కటి మాత్రం చేయకండి. నేను ఒకసారి చిరిగిన వూఫర్‌ను రీకోనింగ్ షాపులో ఇచ్చాను. పాత కోన్ పారేసి, డీజే స్పీకర్లకు వేసే గట్టి కోన్ వేసి ఇచ్చారు. రెజొనెన్స్ 38 హెర్ట్జ్ ఉన్నది 90 అయింది. చూడటానికి మాత్రం కొత్తదానిలా తళతళలాడుతోంది.

నా పక్షంలో లోపం లేదని కాదు. రేడియో అంటే మోనో, ఒక్కోదానిలో ఒక్కటే స్పీకర్. కాబట్టి జత కుదరడం అదృష్టం. నా రెండోది 78 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.95. కళ్లు మూసుకుంటే గాయకుడు కాస్త ఎడమకు జరిగి కూర్చున్నట్టు ఉంటుంది. స్టీరియో బాక్సుల్లో ఈ గొడవ లేదు, కన్సోల్ స్టీరియోల్లోనూ లేదు.

మిగతావి చప్పున. పాత టీవీల కోలగుండ్రటి స్పీకర్లు వంటింటి రేడియోకు చాలు. మైక్ సెట్ హారన్ యూనిట్లు గుడి మీద ఉండాల్సినవి, ఇంట్లోకి వద్దు. గల్ఫ్ నుంచి వచ్చిన 90ల మ్యూజిక్ సిస్టమ్ బాక్సులు కొనేముందు గ్రిల్ తీసి చూడండి. మూడు గుండ్రాలు కనిపిస్తాయి, కొన్నిట్లో పైది ఉత్త ప్లాస్టిక్ బొమ్మ. మాగ్నెట్ బదులు ఇంకో కాయిల్ చుట్టి, మూడు నాలుగు తీగలు వేలాడుతున్న ఫీల్డ్ కాయిల్ స్పీకర్ దొరికితే, హై వోల్టేజ్ పని తెలిసినవాళ్లకు ఇచ్చేయండి.

బిగించేముందు ఒకటిన్నర వోల్టు సెల్ ఒకసారి తాకించి చూడండి. కోన్ ముందుకొస్తే సెల్ ప్లస్ తాకినదే ప్లస్ ట్యాగ్. పాత జేబీఎల్ అయితే మాత్రం ఎర్ర ట్యాగుకు ప్లస్ పెట్టినా కోన్ లోపలికే పోతుంది. అది చెడిపోయి కాదు, వాళ్ల పద్ధతే అంత.