లిథియం కొనే చోట దొరికిన జాగ్రత్త: అమలాపురంలోని మా మందుల దుకాణం

మనసు ఒకప్పుడు మితిమీరిన హుషారులోకి, మరొకప్పుడు దిగులులోకి జారే బైపోలార్ జబ్బుకు మా తమ్ముడు వాడే లిథియం మాత్రలను మూడేళ్లుగా అమలాపురంలోని ఒకే దుకాణంలో కొంటున్నాం. డాక్టరు చీటీ లేనిదే అక్కడ మాత్ర ఇవ్వరు. నాకు నమ్మకం కుదిరింది అందుకే. మొన్న వేసవిలో కొబ్బరి దింపుల నుంచి వచ్చిన తమ్ముడు నడుంనొప్పికి డైక్లోఫెనాక్ అడిగితే, కౌంటరు దగ్గరి పెద్దాయన ఇవ్వకుండా, ఆ మందు రక్తంలో లిథియం స్థాయిని పెంచవచ్చని, ఒంట్లో నీరు చెమటగా పోయినా అదే ప్రమాదమని చెప్పి, డాక్టరుగారికి ఫోను చేయించారు. చేతుల సన్నని వణుకు, దాహం లిథియం వాడే చాలామందిలో కనిపించేవేనని, వాంతులు, తూలుడు, మాట తడబాటు వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని మందుల కవరు మీద నీలి సిరాతో రాసిచ్చారు. లిథియం స్థాయి చూసే రక్తపరీక్షకు చివరి మోతాదు తర్వాత 12 గంటలకు నమూనా ఇవ్వాలన్నదీ అక్కడే తెలిసింది. సరుకు ఒక్కోసారి అయిపోతుంది కనుక వారం ముందే చెప్పి ఉంచుకోవాలి.