స్విగ్గీ ఇన్నేళ్లు వాడాక: తెచ్చేవాడే ముఖ్యమన్న శ్రీహర్ష లెక్క

స్విగ్గీ హైదరాబాద్‌కి వచ్చిన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటికీ వాడుతూనే ఉన్నాను. యాప్ ఎలా ఉంటుంది, ఆర్డర్ ఎలా పెట్టాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్క విషయమే. మాజేటి శ్రీహర్ష 2014లో బెంగళూరు కోరమంగళలో ఈ కంపెనీ మొదలుపెట్టినప్పుడు, డెలివరీ పనిని హోటళ్లకి వదిలేయకుండా తెచ్చే కుర్రాళ్లని తామే పెట్టుకున్నారు. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

దీని విలువ అంతకుముందు ఫోన్ చేసి తెప్పించుకున్నవాళ్లకి బాగా తెలుస్తుంది. మా పాత ఇంటి దగ్గర ఒక హోటల్ ఉండేది. బిర్యానీ చెప్పి గంట దాటాక ఫోన్ చేస్తే, "బయల్దేరాడు సార్, దార్లో ఉన్నాడు" అనేవాడు కౌంటర్‌లో ఆయన. పావుగంట ఆగి మళ్లీ చేసినా అదే మాట. కుర్రాడు నిజంగా బయల్దేరాడో, ఇంకో నాలుగిళ్లు తిరిగి మన దగ్గరికి వస్తాడో తెలుసుకునే దారే లేదు. పైగా ఇంతకి తక్కువైతే పంపమని షరతు. స్విగ్గీ వచ్చాక ఒక్క ప్లేటు ఇడ్లీ చెప్పినా తెచ్చారు. మ్యాప్ మీద బండి ఏ సిగ్నల్ దగ్గర ఆగిందో కూడా కనిపించింది. ఆకలితో ఉన్నప్పుడు ఆ మాత్రం తెలిస్తే ఎంత నిమ్మళంగా ఉంటుందో!

ఆయనకి ఈ ఆలోచన ఊరికే రాలేదనుకుంటాను. విజయవాడ కుర్రాడు, పిలానీ బిట్స్, కలకత్తా ఐఐఎం, ఆపైన లండన్‌లో నోమురా బ్యాంకు ఉద్యోగం. అది వదిలేసి వచ్చి 2013లో నందన్ రెడ్డితో కలిసి బండిల్ అనే కొరియర్ వ్యాపారం పెట్టారు. చిన్న వ్యాపారుల పార్శిళ్లు చేరవేసే పని. అది నిలబడలేదు, మూసేశారు. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికి రాహుల్ జైమినిని కలుపుకుని స్విగ్గీ. అంటే ముందు మోతపని గురించి ఆలోచించి, తర్వాత తిండి దగ్గరికి వచ్చిన మనిషి. కంపెనీ పేరు కూడా 2024 దాకా కాగితాల మీద బండిల్ టెక్నాలజీసే. తిండి తెచ్చిపెట్టే ఇలాంటి యాప్‌లలో డాజో, టైనీఔల్ ఒకటి రెండేళ్లలో కనుమరుగైపోయాయి, మన దేశంలో ఫుడ్‌పాండా 2017లో ఓలా చేతికి పోయింది, ఇక్కడి ఊబర్ ఈట్స్ 2020లో జొమాటోలో కలిసిపోయింది. ఇది మాత్రం నిలబడింది. సొంత కుర్రాళ్లు ఉండటం అందుకు పెద్ద కారణమని నా నమ్మకం.

ఆ కుర్రాళ్ల మీద నాకు అభిమానం కుదిరింది మాత్రం ఒక్క రోజు మూలంగా. అమ్మ విజయవాడలో సత్యనారాయణపురంలో ఒక్కతే ఉంటుంది. జ్వరమొచ్చి పొయ్యి వెలిగించలేదని తెలిసి, హైదరాబాద్ నుంచి ఇడ్లీ ఆర్డర్ పెట్టాను. కాసేపటికి డెలివరీ అబ్బాయి ఫోన్. "సార్, బెల్లు కొడుతున్నా, ఎవరూ తీయట్లేదండి. లోపల టీవీ మోగుతోంది." అమ్మకి చేస్తే ఫోన్ ఎత్తదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మ్యాప్‌లో చూస్తే బండి మా సందు చివర కదలకుండా ఉంది.

గుమ్మం ముందు పెట్టేసి వెళ్లిపోయినా నేనేమీ అనగలిగేవాణ్ణి కాదు. అతను అలా చేయలేదు. "మీరు కంగారు పడకండి, పక్కింట్లో అడుగుతా" అన్నాడు. పక్కింటి పిన్నిగారు పెరటి గోడ దగ్గరికెళ్లి గట్టిగా కేకేస్తే అమ్మ లేచింది. మాత్ర వేసుకుని వెనక గదిలో పడుకుందట, హాల్లో టీవీ హోరుకి బెల్లు వినపడలేదు. అతనే తన ఫోన్ అమ్మకిచ్చాడు. "ఏరా, దీనికే అంత గాబరానా?" అంది. ఫోన్ పెట్టేసేలోపు "వేడిగా ఉన్నప్పుడే తినేయండి మామ్మగారూ" అని అతననడం నాకు వినపడింది. యాప్‌లో టిప్పు ఎంత ఇవ్వనిచ్చిందో అంతా ఇచ్చాను. తక్కువే అనిపించింది.

అయితే "సొంత కుర్రాళ్లు" అని పైన రాసిన మాటకి కొంచెం సవరణ అవసరం. వాళ్లు జీతానికి ఉన్న ఉద్యోగులు కారు. ఎన్ని ఆర్డర్లు చేరిస్తే అన్నిటికి డబ్బులు. మా గుమ్మం ముందు ఆగిన ఆ కాసేపటికి అతనికి ఏమైనా దక్కిందా అంటే, నాకు యాప్‌లో ఎక్కడా కనిపించలేదు. 2023లో వాళ్లకీ కుటుంబాలకీ ఉచిత అంబులెన్స్ సదుపాయం పెట్టారు, మంచి పనే. కానీ ఆ రోజు మెచ్చుకోవలసింది ముందు ఆ అబ్బాయిని, తర్వాతే శ్రీహర్షని.

ఒక్క ప్లేటు ఇడ్లీ సంబరం కూడా మునుపటిలా లేదు. 2023లో ప్లాట్‌ఫామ్ ఫీజు అని 2 రూపాయలతో మొదలైంది రెండంకెలకి చేరింది. డెలివరీ, ప్యాకింగ్, పన్ను కలిపితే చిన్న ఆర్డర్ మీద ఖర్చులే ఇడ్లీ ధరకి దగ్గరగా వస్తున్నాయి. అటు కంపెనీ చూస్తే 2023-24లో కూడా దాదాపు 2,350 కోట్ల నష్టంలో ఉంది. అదే కంపెనీ 2024 నవంబరులో 390 రూపాయల చొప్పున షేర్లు అమ్మి మార్కెట్లోకి వచ్చింది. కాబట్టి ఈ ఫీజులు తగ్గుతాయన్న ఆశ నాకు లేదు. పది నిమిషాల డెలివరీ నాకు అక్కర్లేదు. అరగంటైనా పర్లేదు, వచ్చేవాడు నిదానంగా వస్తే చాలు. 2023 జనవరిలో 380 మందిని తీసేసినప్పుడు, అవసరానికి మించి మనుషుల్ని చేర్చుకోవడం తమ అంచనా లోపమేనని శ్రీహర్ష ఉద్యోగులకి రాశారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఉద్యోగం పోయినవాళ్లకి అది ఎంతవరకు ఊరటో చెప్పలేను.

మరి వాడమంటానా? వీధి చివర టిఫిన్ సెంటర్ ఉండి, నడిచే ఓపిక ఉంటే అక్కర్లేదు. నలుగురున్న ఇంట్లో వారం వారం తెప్పించుకుంటే నెల తిరిగేసరికి ఖర్చు బాగానే తెలుస్తుంది. నా సంగతి వేరు. అమ్మ విజయవాడ వదిలి రానంటుంది, నాకు ఇక్కడ ఉద్యోగం. అది మారేదాకా యాప్ ఉంచుకుంటాను. నాలాగే వేరే ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల కోసం ఆర్డర్ పెట్టేవాళ్లకి ఒక మాట: పక్కింటివాళ్లని ముందే అడిగి, అడ్రస్ కింద సూచనలు రాసేచోట "తలుపు తీయకపోతే కుడి పక్కింట్లో అడగండి" అని రాసి పెట్టుకోండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను.