బోక్ అనాలా, దొబర్ దాన్ అనాలా?

క్రొయేషియా భాష నేర్పుతామనే పాఠాల్లో చాలావాటికి 'బోక్' తోనే శ్రీకారం. పొట్టి పలకరింపు. వచ్చినప్పుడూ అదే, వెళ్ళేటప్పుడూ అదే. నోరు తిరగడానికి అర నిమిషం చాలు. అయినా కొత్తవారికి మొదట నేర్పాల్సిన మాట అది కాదని నా అభిప్రాయం.

రాజధాని జాగ్రెబ్ నడిబొడ్డున 1930 నుంచి దోలత్స్ అనే సంత నడుస్తోంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి కూరలు, పళ్ళు, పచ్చి ఛీజు, మీగడ అమ్మే ఆడవాళ్ళను అక్కడ 'కుమిత్స' అంటారు. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు అండగా నిలిచే స్త్రీని 'కుమ' అంటారు, ఇది దానికి ముద్దు రూపం. మన వరస పిలుపుల లాంటిదే అన్నమాట. బల్ల ముందు ఆగగానే ఆమె 'ఇజ్వొలితె' అంటుంది, చెప్పండి, ఏం కావాలి అన్నట్టు. మీరు 'దొబర్ దాన్, గొస్పొజొ. మొలిమ్ వాస్, పొల కిలె యగొదా' అంటే 'నమస్కారమమ్మా, అరకిలో స్ట్రాబెర్రీలు ఇవ్వండి' అన్నట్టు ఉంటుంది. అదే చోట 'బోక్' అంటే ఆమె కోప్పడదు, పళ్ళూ ఇస్తుంది. కాకపోతే అరవై దాటిన ముఖం తెలియని మనిషి దగ్గర కాస్త ముందే చనువు తీసుకున్నట్టు అవుతుంది. బోక్ స్నేహితులకు, సహోద్యోగులకు, ఈడువారికి చెప్పే మాట.

పైగా అది ముఖ్యంగా జాగ్రెబ్ వైపు మాట. సముద్ర తీరంలో, ఇస్త్రియాలో, ఇటలీ నుంచి వచ్చిన 'చావో' జోరు ఎక్కువ. తెలుగు చెవికి మొదట 'చావో రేవో' గుర్తొస్తుంది, ఏం చేస్తాం. దక్షిణ తీరమైన దల్మాత్సియాలో వీడ్కోలుకు 'అదియో' కూడా వినిపిస్తుంది. ఇక 'జ్ద్రవో' సంగతి. ఆరోగ్యం అనే అర్థంలోంచి పుట్టిన చక్కటి మాటే, అందరికీ అర్థమవుతుంది. అయితే కొందరి చెవికి అది పాత యుగోస్లావియానో, పొరుగునున్న సెర్బియానో గుర్తుచేస్తుంది. విచిత్రమేమిటంటే కతోలికులు రోజూ చదివే మరియమ్మ జపం మొదలయ్యేది ఆ మాటతోనే. ఈ చిక్కులన్నీ విప్పుకునే ఓపిక కొత్తవారికి ఎందుకు? దొబర్ దాన్ కు ఊరి పట్టింపు లేదు, వయసు పట్టింపు లేదు. దుకాణంలో అడుగుపెట్టినా, డాక్టరు గారి గది బయట కూర్చున్నవారి మధ్యకు వెళ్ళినా చెల్లుతుంది.

పొద్దున పదింటి దాకా 'దొబ్రొ యుత్రొ', చీకటి పడ్డాక 'దొబ్ర వెచెర్'. 'మంచి' అనే మొదటి మాట దొబర్, దొబ్రొ, దొబ్ర అని మూడు చోట్లా మూడు రకాలుగా ఉండటానికి కారణం పగలు పుంలింగం, ఉదయం నపుంసకం, సాయంత్రం స్త్రీలింగం కావడం. ఎందుకని అడగకుండా ముద్దగా బట్టీ పట్టడమే మేలు. 'లకు నోచ్' మాత్రం రాత్రి విడిపోయేటప్పుడు, పడుకోబోయేటప్పుడే.

పేరు చెప్పుకోవడానికి మూడు దారులున్నాయి. 'మొయె ఇమె యె రవి' అంటే 'నా పేరు రవి'. తప్పు లేదు, కానీ వేదికెక్కి చెబుతున్నట్టు ఉంటుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చేవారంతా ముందు దీన్నే పట్టుకుంటారు. 'జొవేమ్ సె రవి' నిత్యం వాడే మాట. 'కకొ సె జొవేతె?' అని ఎవరైనా పేరు అడిగితే దీనితోనే జవాబు చెప్పాలి. ఇందులో 'సె' అనే తోక చేసే పని ఇక్కడ మన 'కొను' చేసేదే: పిలుచుకుంటాను. ఆ తోక మాత్రం వాక్యం మొదట్లో నిలబడదు. మూడోది 'యా సమ్ రవి', నేను రవిని. కొత్తవారికి నా ఓటు దీనికే. చెయ్యి చాచి, కళ్ళలోకి చూసి, ఈ మూడు ముక్కలు అంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: తెలుగులో 'నేను' వదిలేసినట్టు ఇక్కడ 'యా' వదిలేసి 'సమ్ రవి' అనకూడదు.

అవతలివారు 'ద్రాగొ మి యె' అంటారు, మీరూ అదే అనండి. ఈ వాక్యం తెలుగువారికి పుట్టింటి కట్నం లాంటిది. 'మి' అంటే నాకు. 'నాకు సంతోషం' అని మనం కట్టే వాక్యమే అది. ఇంగ్లీషులో ఆలోచించేవారు 'నేను' ఎక్కడుందని వెతుక్కుంటారు, మనకు ఆ వెతుకులాట లేదు.

'తీ', 'వీ' అంటే నువ్వు, మీరు. ఒక్క మనిషినే అయినా 'వీ' అన్నప్పుడు క్రియ బహువచనంలోకి మారుతుంది, మన 'ఉన్నారు' లాగే. అందుకే 'కకొ స్తె?' (ఎలా ఉన్నారు?) ముందు నేర్చుకుని, 'కకొ సి?' తర్వాతకు ఉంచుకోవడం మంచిది. అక్కడ మీరు నుంచి నువ్వుకు దిగడానికి ఒక మర్యాద ఉంది: సాధారణంగా పెద్దవారో, పై హోదాలో ఉన్నవారో 'ఇక తీ అనుకుందాం' అని నోరు తెరిచి చెబుతారు. అప్పటిదాకా ఆగాలి. కొత్తవారిని అన్నా, అక్కా అని పిలిచే మన అలవాటు పెద్దల మధ్య అక్కడ చెల్లదు. మగవారైతే 'గొస్పొదినె', ఆడవారైతే 'గొస్పొజొ'. చిన్నపిల్లలు మాత్రం తెలిసినావిడను 'తెత', అంటే అత్తా, పిన్నీ అన్నట్టు పిలుస్తారు. పేర్లకు సంబోధన రూపమూ ఉంది. రాముడు 'రామా' అయినట్టు ఇవాన్ ను పిలిచేటప్పుడు 'ఇవానె' అంటారు.

ఏ దేశమని అడిగినప్పుడు మగవారు 'ఇందియత్స్', ఆడవారు 'ఇందియ్క' అనాలి. చివరి 'త్స్' కోసం 'చాలు' అన్నప్పుడు పలికే చ ను తలచుకోండి. తొందరలో ఒక్క అక్షరం ఎక్కువై 'ఇందియానత్స్' అన్నారంటే అమెరికా ఆదివాసి అయిపోతారు. నాలుక మీద నమ్మకం కుదిరేదాకా 'యా సమ్ ఇజ్ ఇందియె', ఇండియా నుంచి వచ్చాను అంటే ఏ గొడవా లేదు.