మెయిల్ మెర్జ్ సగంలో ఆగిపోతుంటే ఏది మేలు? నేరు కనెక్షనా, డీడీఈనా, వర్డ్ పట్టికా?

సెప్టెంబర్ దగ్గర పడితే నా ఫోనుకి తీరిక ఉండదు. సంఘాల సర్వసభ్య సమావేశాల నోటీసులు, బకాయిల నోటీసులు, బడుల ఫీజు ఉత్తరాలు అన్నీ ఆ రోజుల్లోనే వచ్చి పడతాయి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర డీటీపీ పని చేస్తుంటాను. అటు పలాస నుంచి ఇటు రాజాం దాకా తెలిసిన గుమాస్తాలు అడిగేది ఒకటే: మెర్జ్ (ఎక్సెల్‌లోని పేర్లతో ఒకే ఉత్తరాన్ని అందరికీ విడివిడిగా తీయడం) సగంలో ఆగిపోతోంది, వర్డ్ తెల్లబడిపోయి ‘నాట్ రెస్పాండింగ్’ అంటోంది, ఎక్సెల్ షీటుని వర్డ్‌కి ఏ పద్ధతిలో తగిలిస్తే ఈ బాధ తప్పుతుంది? ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను. ఉత్తరం తయారు చేసుకుని, ఫీల్డులు పెట్టి, ఫినిష్ అండ్ మెర్జ్ నొక్కడం దాకా మీకు వచ్చుననే అనుకుని రాస్తున్నాను.

కిందటేడు ఒక పొదుపు సంఘం కుర్రాడు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేశాడు. 640 మంది సభ్యులకి నోటీసులు, సాయంత్రం లోపల పోస్టులో పడాలి. “అన్నియ్యా, వర్డ్ ఆగిపోనాదండి. రెండుపాలు మూసీసి మళ్లీ తెరిసినాను. మళ్లీ అక్కడే ఆగిపోతంది. ఏటి సెయ్యమంతారు?” అన్నాడు. గొంతులో కంగారు తెలిసిపోతోంది.

“తమ్ముడూ, వర్డ్ జోలికి పోకు. కింద ఎక్సెల్ ఉందా? దాని మీద నొక్కు. ఏం కనబడుతోంది?”

“షీటు ఉందండి. ఒక గడిలో కర్సర్ కొట్టుకుంతంది.”

పొద్దున ఎవరిదో ఇంటిపేరు దిద్దుతూ ఆ గడిలో రెండుసార్లు నొక్కాడు, ఎంటర్ కొట్టకుండా వదిలేశాడు. ఎస్కేప్ నొక్కమన్నాను. నేను ఫోన్ పెట్టేసేలోగానే అవతల ఉత్తరాలు కదిలాయి.

గడిలో కర్సర్ కొట్టుకుంటున్నంతసేపూ ఎక్సెల్ బయటి ప్రోగ్రాములకి పలకదు. వర్డ్ ఏమో దాని జవాబు వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటుంది. మనకి మాత్రం వర్డ్ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి చంపేస్తాం. చంపినా లాభం ఉండదు, ఎందుకంటే తెరవగానే మళ్లీ ఆ ఎక్సెల్ గుమ్మం ముందే నిలబడుతుంది. అందుకే ఏ పద్ధతి మంచిదని ఎవరడిగినా నేను ముందు చూసేది, ఆ పద్ధతిలో వర్డ్ ఎవరెవరి కోసం ఆగాల్సి వస్తుందన్నదే. వేగం, హంగులు ఆ తర్వాత.

వర్డ్ తనంతట తాను పట్టుకునే దారి ఓఎల్ఈ డీబీ, నేరు కనెక్షన్ అన్నది దీన్నే. వర్డ్ 2002 నుంచి మామూలుగా జరిగేది ఇదే. దీనికి ఎక్సెల్ తెరిచి ఉండక్కర్లేదు. మధ్యలో ఒక డ్రైవర్ ఫైలుని నేరుగా చదివి వర్డ్‌కి అందిస్తుంది. ఫైల్లో ఏ షీటు కావాలంటే ఆ షీటు తీసుకోవచ్చు, వేల పేర్లున్నా చకచకా లాగుతుంది. కాబట్టి గడిలో కర్సర్ బాధ ఇక్కడ లేదు. అయినా ఆగుతోందంటే ముందు ఫైలు ఎక్కడుందో చూడండి. పక్క గదిలో కంప్యూటర్ షేరింగ్ ఫోల్డర్లోనో వన్‌డ్రైవ్‌లోనో ఉంటే డెస్క్‌టాప్ మీదకి తెచ్చుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలైతే ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ టిక్కు పెట్టండి. తర్వాత షీటు తెరిచి కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కండి. పేర్లు 640 వరసల్లో అయిపోతే కర్సర్ కూడా అక్కడే ఆగాలి. ఒక్కోసారి ఎవరో పేర్ల కింద ఖాళీ గళ్లకి కూడా చివరిదాకా రంగో గీతలో వేసి ఉంటారు, అప్పుడు కర్సర్ ఎక్కడో అట్టడుక్కి, 10,48,576వ వరస దాకా వెళ్లిపోతుంది. ఖాళీ వరసలన్నీ పేర్లే అనుకుని వర్డ్ లెక్కపెడుతూ కూర్చుంటుంది. ఆ ఖాళీ వరసల్ని ఎంచి డిలీట్ చేసి సేవ్ చేస్తే సరిపోతుంది. ఆగిపోయిందని నా దగ్గరికి పట్టుకొచ్చిన ఫైళ్లలో ఇది చాలాసార్లు చూశాను.

ఈ దారిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఆగిపోవడం కాదు, ఆగకుండా తప్పు అచ్చవడం. ఎక్సెల్‌లో మనం చూసే రూపం ఇక్కడ రాదు, లోపలున్న అంకె వస్తుంది. సెల్ ఫార్మాట్ పెట్టి 08942 అని కనబడేలా చేసిన మన ఎస్టీడీ కోడ్ ఉత్తరంలో 8942 అయిపోతుంది. తేదీలో నెల ముందుకొచ్చేస్తుంది. 1,250.10 ఉండాల్సిన చోట దశాంశాల తోక వేలాడుతుంది. ఇంకా ప్రమాదం సభ్యత్వ సంఖ్యల కాలమ్‌తో. ఆ డ్రైవర్ మొదటి 8 వరసలు చూసి, ఇది అంకెల కాలమా అక్షరాల కాలమా అని తేల్చేసుకుంటుంది. ఆ ఎనిమిదీ వట్టి అంకెలై, ఎక్కడో 200వ వరసలో ‘117/ఎ’ అని ఉంటే ఆ సభ్యుడి నోటీసులో సంఖ్య సున్నా పడుతుంది, లేదంటే ఖాళీగా పోతుంది. నోటీసు అందుకున్న మనిషికి అది తన కాగితమో కాదో తెలియదు. అక్షరం కలిసిన వరసని ఒకదాన్ని పైకి, మొదటి ఎనిమిదిలోకి తెచ్చిపెడితే ఇది తప్పుతుంది. తేదీలకీ డబ్బులకీ పక్కనే ఇంకో కాలమ్ వేసి, టెక్స్ట్ ఫంక్షన్‌తో కావలసిన రూపం తెచ్చుకుని ఆ కాలమ్‌నే ఉత్తరంలో పెట్టాలి. చేయగలిగిన పనే, మరిచిపోకుండా చేయాలి మరి.

డీడీఈ అంటే తెరిచి ఉన్న ప్రోగ్రాములు ఒకదాన్నొకటి అడిగి సమాచారం తీసుకునే పాత దారి. 1987లో విండోస్ 2తో వచ్చింది. దీనికి వెళ్లాలంటే వర్డ్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, జనరల్ కింద ఫైల్ ఫార్మాట్ మార్పుని ముందుగా అడగమనే టిక్కు పెట్టాలి. అప్పుడు ఫైలు ఎంచుకున్నప్పుడు డీడీఈ పేరు జాబితాలో కనబడుతుంది. దీన్ని పట్టుకుని వదలని వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కారణం సబబే: ఎక్సెల్‌లో ఎలా కనబడితే ఉత్తరంలోకి అలాగే వస్తుంది. తేదీ తేదీలాగే, సున్నా సున్నాలాగే. ఆ పొదుపు సంఘంలో కూడా అంకెలు పాడవుతున్నాయనే ఎవరో ఈ దారి పెట్టి వెళ్లారు.

కాని దీనిలో వర్డ్, ఎక్సెల్ రెండూ తెరిచి ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. గడిలో కర్సర్ ఉన్నా ఆగుతుంది. ఎక్సెల్ ఏదో ప్రశ్న వేసి దాని బాక్సు వర్డ్ వెనక దాక్కున్నా ఆగుతుంది. ఇతర అప్లికేషన్ల డీడీఈని పట్టించుకోవద్దనే టిక్కు ఎక్సెల్ ఆప్షన్స్‌లో పడి ఉంటే అసలు మాటే కలవదు. పైగా మొదటి షీటు తప్ప ఇంకోటి చదవదు. 2017లో ఈ డీడీఈని అడ్డం పెట్టుకుని వర్డ్ ఫైళ్లలో వైరస్‌లు పంపించారు, ఆ డిసెంబరులో మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో దీన్ని బాగా బిగించింది కూడా. ఆఫీసులో ఒకే కంప్యూటర్, ఒకే మనిషి అయితే సాగుతుంది. నలుగురు చేతులు పెట్టే చోట మాత్రం దీన్ని ఎవరికీ చెప్పను.

ఇక నేను వాడేది, వాడమని చెప్పేది వర్డ్ పట్టిక. ఎక్సెల్‌లో పేర్లున్న వరసలు మాత్రం ఎంచి, కాపీ చేసి, ఖాళీ వర్డ్ ఫైల్లో పేస్ట్ చేయండి. పట్టిక ఫైలు మొదటి లైనులోనే మొదలవ్వాలి, పైన శీర్షిక కాని ఖాళీ లైను కాని ఉండకూడదు. మొదటి వరసలో కాలమ్ పేర్లు. పేస్ట్ చేసేటప్పుడు ‘లింక్’ అన్న రకాన్ని ముట్టుకోకండి, దానితో మళ్లీ ఎక్సెల్‌కి ముడి పడిపోతుంది. సేవ్ చేసి మూసేసి, ఉత్తరంలో సెలెక్ట్ రెసిపియెంట్స్‌లోకి వెళ్లి ఆ వర్డ్ ఫైలునే చూపించండి. అంతే. వర్డ్ తన ఫైలు తానే చదువుకుంటుంది. మధ్యలో డ్రైవర్ లేదు, ఎక్సెల్ లేదు, ఎవరి జవాబూ అక్కర్లేదు. అన్నీ అక్షరాలే కాబట్టి 08942 అలాగే ఉంటుంది, 117/ఎ అలాగే ఉంటుంది, 1,25,000 మన లక్షల కామాతోనే వస్తుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎక్సెల్‌లో కాలమ్ ఇరుకుగా ఉండి అంకెల బదులు #### గుర్తులు కనబడుతుంటే పట్టికలోకీ ఆ గుర్తులే వస్తాయి, కాబట్టి కాపీకి ముందు కాలమ్‌లు వెడల్పు చేసుకోండి. రెండోది మన డోర్ నంబర్లు. 7-3 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చి నెల 7వ తారీఖు చేసేస్తుంది. అది ఎక్సెల్‌లోనే పాడైపోయాక ఏ దారీ బాగుచేయలేదు. ఆ కాలమ్‌ని కొట్టకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి.

పట్టికలో ఇంకో మేలుంది. పేస్ట్ చేశాక ఆ పేర్లన్నీ ఒకసారి కళ్లతో చూస్తాం. పొదుపు సంఘం పట్టిక అలా కిందకి జరుపుతుంటే రాజాం సభ్యులందరికీ ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఆ జాబితా అంతకు ముందుది. అక్కడే దిద్దాం. నేరు కనెక్షన్‌లో అయితే ఆ పాత జిల్లాతోనే కవర్లు వెళ్లిపోయేవి.

వెయ్యి పేర్లు దాటితే పట్టిక నెమ్మదిస్తుంది, 63 కాలమ్‌ల కంటే ఎక్కువ పట్టవు కూడా. నెలనెలా మారే రెండు మూడు వేల పేర్ల పని అయితే ఓఎల్ఈ డీబీయే నయం, ప్రతిసారీ కాపీ చేసుకుంటూ కూర్చోలేరు.

సీఎస్‌వీ (కామాలతో విడదీసిన వట్టి అక్షరాల ఫైలు) గురించి అడుగుతారు. ఇంగ్లిషు పేర్లయితే పనికొస్తుంది. తెలుగు ఉంటే మామూలు సీఎస్‌వీలో అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, యూటీఎఫ్-8 రకం ఎంచుకోవాలి. లిబ్రేఆఫీస్‌లోనూ మెర్జ్ ఉంది, ఉచితం. ఇప్పటికే దానిలో పనిచేసేవాళ్లకి సరే, ఈ ఒక్క ఇబ్బంది కోసం మారక్కర్లేదు.

ఏ దారి పట్టినా ఆగిపోతోందంటే ప్రింటర్ని చూడండి. వర్డ్ పేజీ కొలతల కోసం డీఫాల్ట్ ప్రింటర్ని అడుగుతుంది. అది పక్క గదిలో ఆపేసి ఉన్న ప్రింటరైతే దాని కోసమూ ఆగుతుంది. విండోస్ 10 నుంచి, చివర వాడిన ప్రింటర్ని తనే డీఫాల్ట్ చేసేసే సెట్టింగు ఒకటుంది, అది తీసేసి, మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ని డీఫాల్ట్‌గా పెట్టి చూడండి. అప్పుడు మెర్జ్ కదిలిందంటే తప్పు ఎక్సెల్‌ది కాదు.

ఈసారి ఆ సంఘం పని పట్టికతోనే చేశాం. నేరుగా ప్రింటర్‌కి పంపలేదు. ఎడిట్ ఇండివిడ్యువల్ డాక్యుమెంట్స్‌లో 1 నుంచి 50 దాకా ముందు తీశాం, తర్వాత 51 నుంచి 100. ఇలా చేస్తే ఎక్కడైనా ఆగినా ఆ యాభైలోనే వెతుక్కోవచ్చు. ఆ కుర్రాడు ఒక్కో కట్టలో మొదటి నోటీసు, చివరి నోటీసు పట్టికతో సరిచూసుకుని కవర్లలో పెట్టాడు. పదమూడో కట్ట అయ్యేసరికి నాలుగున్నర.