టోబర్‌మొరీ గ్లాస్ బాటమ్ బోట్: స్వీప్‌స్టేక్స్ కోసం రెండుసార్లు ఎక్కాం

కెనడాలోని ఒంటారియోలో, బ్రాంప్టన్ నుంచి హ్యురాన్ సరస్సు ఒడ్డునున్న టోబర్‌మొరీకి నాలుగు గంటల డ్రైవ్. ఎండాకాలం వస్తే చాలు, మనవాళ్లు ఏదో ఒక వీకెండ్ అటు వెళ్లొస్తారు. వెళ్లొచ్చినవాళ్లంతా ఫ్లవర్‌పాట్ ఐలాండ్ గురించి చెప్తారు, గ్రోటో అనే గుహ గురించి చెప్తారు, ఆ నీళ్ల రంగు గురించి చెప్తారు. మునిగిపోయిన ఓడల సంగతేంటని అడిగితే మాత్రం "ఆఁ, దారిలో ఏవో రెండు చూపించారు" అని ఊరుకుంటారు. నేను ఈ రివ్యూ రాస్తున్నది ఆ రెండు ఓడల కోసమే, ముఖ్యంగా స్వీప్‌స్టేక్స్ అనే ఓడ కోసం. ఫ్లవర్‌పాట్ గురించి రాసినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు.

ఈసారి మాతో మా నాన్న ఉన్నాడు. ఆయనది తాళ్లరేవు. చెక్క ఓడలు కట్టే ఊరది. పెద్ద ఓడలు కాకినాడ ఒడ్డు దాకా రాలేక సముద్రంలోనే లంగరేసుకుంటే, వాటికీ ఒడ్డుకీ మధ్య సరుకు మోసే చెక్క బోట్లు తిరిగేవి. ఆ బోట్లు బాగుచేసే వడ్రంగి పని ముప్పై ఏళ్లు చేశాడు. ఇప్పుడు డెబ్భై ఒకటి, మోకాళ్ల నొప్పులు. నయాగరా చూపిస్తే "బావుంది" అని ఒక్క మాట అన్నాడు. సి.ఎన్. టవర్ దగ్గర ఆ ఒక్క మాటా అనలేదు. ఓడ చూపిస్తానంటే మాత్రం పొద్దున్నే అయిదింటికి స్వెటర్ వేసుకుని సోఫాలో రెడీగా కూర్చున్నాడు.

ముందు ఇబ్బందులు చెప్పేస్తాను. టోబర్‌మొరీ హార్బర్‌లో టూర్ బోట్లు నడిపేవాళ్లు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు. మేం ఎక్కినవాళ్ల పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ఇబ్బందులు ఎవరి బోటులోనైనా రావచ్చు. పదకొండున్నర ట్రిప్పుకి ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నాం. వెళ్లేసరికి ఆ బోటు నిండిపోయిందని తర్వాతి దానిలో ఎక్కించారు. గంట సేపు ఎండలో లైన్. పార్కింగ్ టెన్షన్ సరేసరి. మా కారు పెట్టిన చోటు నుంచి బోటు దగ్గరికి నాన్న నడవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. మోకాళ్ల సంగతి చెప్పగానే ఒక అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని ఆయన్ని అందరికంటే ముందు ఎక్కించింది. ఆ మర్యాద కూడా రాయాలి కదా.

బోటు లిటిల్ టబ్ హార్బర్‌లో బయల్దేరి, పక్కనే ఉన్న బిగ్ టబ్ హార్బర్‌లోకి తిరుగుతుంది. ఇంజిన్ చప్పుడు తగ్గించేస్తారు. నీళ్లలోకి చూసే అద్దాలు కింది అంతస్తులో ఉంటాయి. మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లుంటే ముందే చూసుకోండి. మొదట కనబడేది ఆకుపచ్చ చీకటి, అంతే. తర్వాత ఒక గీత తేలుతుంది. అది ఓడ అంచు. గీత మందమై కమ్మీ అవుతుంది, కమ్మీ కింద పలకలు ఒకదాని పక్కన ఒకటి, ఎవరో నిన్న వరసగా పేర్చి వెళ్లినట్టు వస్తాయి. ముందుభాగంలో లంగరు గొలుసు చుట్టే పెద్ద దుంగ ఇంకా దాని చోట్లోనే ఉంది. దాని పక్క నుంచి ఒక చేప తాపీగా వెళ్లిపోయింది. కింద ఉన్నది ఇరవై అడుగుల లోతే. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే చెయ్యి పెడితే అందుతుందేమో అనిపిస్తుంది.

నాన్న అద్దానికి నుదురు ఆనించి చూస్తున్నాడు. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఒరేయ్, దీనికి పురుగు పట్టలేదేంట్రా?"

ఆ ప్రశ్న టూర్‌లో ఇంకెవరూ అడగలేదు. నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. కాకినాడ ఉప్పునీళ్లలో చెక్కని తొలిచే పురుగు ఉంటుంది. పైకి పలక నున్నగా కనబడుతుంది, ఉలి పెడితే లోపలంతా జల్లెడ. అందుకే బోటుని ఒడ్డుకి లాగి, అడుగున అంటుకున్న గుల్లలు గీకి, పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం, నూనె పట్టించేవాళ్లు. ఇంత చేసినా మళ్లీ కొన్నాళ్లకి అదే పని. నాన్న జీవితమంతా ఆ పురుగుతో పోట్లాటే. ఇక్కడిది మంచినీటి సరస్సు. ఆ పురుగు మంచినీళ్లలో బతకదు. పైగా నీళ్లు చల్లన, కుళ్లడం కూడా నెమ్మదే. నేనిది చెప్తే నాన్న నమ్మడానికి కాసేపు పట్టింది. "నూట నలభై ఏళ్లా?" అని రెండుసార్లు అడిగాడు.

అవును, నూట నలభై ఏళ్లు. ఈ ఓడ పేరు స్వీప్‌స్టేక్స్. రెండు స్తంభాల తెరచాప ఓడ, వీటిని స్కూనర్లు అంటారు. ఒంటారియోలోనే బర్లింగ్టన్‌లో 1867లో కట్టారు. పొడవు 119 అడుగులు. కెనడా ఒక దేశంగా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. 1885 ఆగస్టులో బొగ్గు వేసుకుని వెళ్తూ ఇక్కడికి దగ్గర్లోని కోవ్ ఐలాండ్ దగ్గర దెబ్బతింది. టగ్గుతో లాక్కొచ్చి బిగ్ టబ్‌లో పెట్టారు. బాగుచేసేలోపే సెప్టెంబరులో ఉన్నచోటే మునిగిపోయింది. బొగ్గు తీసేసుకున్నారు, ఓడని వదిలేశారు. అంత పెద్ద సరస్సులో ఏ తుఫానుకో ముక్కలవకుండా, గాలి తగలని మూల, లోతు లేని చోట మెల్లగా కూర్చుంది కాబట్టే ఇవాళ మనకి ఇలా మిగిలింది.

మైకులో వచ్చిన వివరణలో ఓడ పేరు, సంవత్సరం, లోతు తప్ప పెద్దగా ఏమీ లేదు. ఉన్నదాంట్లో సగం ఇంజిన్ మోతలో కలిసిపోయింది. నా అసలు అసంతృప్తి ఇదే. ఇంత ఖర్చుపెట్టి వచ్చినవాళ్లకి ఈ స్కూనర్లు ఎందుకు పుట్టాయో, ఎందుకు పోయాయో రెండు మాటల్లో చెప్తే ఎంత బావుండేది! పందొమ్మిదో శతాబ్దంలో ఈ పెద్ద సరస్సుల మీద బొగ్గు, ధాన్యం, కలప అన్నీ వీటి మీదే తిరిగాయి. తెరచాపలు ఓడ పొడవునా ఉంటాయి కాబట్టి గాలి పక్కల నుంచి వచ్చినా నడుస్తుంది, అరడజను మంది మనుషులు చాలు. రేవుల్లో లోతు తక్కువ కాబట్టి చాలావాటికి మధ్యలో ఒక పెద్ద పలక పెట్టేవాళ్లు. నడి సరస్సులో కిందికి దింపితే ఓడ పక్కకి కొట్టుకుపోదు, రేవు దగ్గర పైకి లాగేస్తే అడుగు నేలకి తగలదు. ఇది చెప్తుంటే నాన్న మొహం వెలిగిపోయింది. "మంచి ఉపాయం. మరి ఆ పలక సందులోంచి నీళ్లు రావా?" అన్నాడు. పలక చుట్టూ పెట్టెలా కట్టేస్తారని చెప్పాను. "ఆ పెట్టె అతుకు దగ్గరే మొదట కారుతుంది, చూడు" అన్నాడు. వడ్రంగి మాట మరి.

ఆవిరి ఓడలు వచ్చాక కూడా స్కూనర్లు చాలాకాలం నిలబడ్డాయి. గాలికి డబ్బులివ్వక్కర్లేదు, బాయిలర్‌కి కట్టెలో బొగ్గో పెట్టాలి. చివరికి స్తంభాలు తీసేసి, ఒక ఆవిరి ఓడ వెనక తాళ్లతో కట్టి లాగే బార్జీలుగా మార్చిన స్కూనర్లు ఎన్నో.

ఆవిరి ఓడ కూడా ఒకటి ఇక్కడే ఉంది. స్వీప్‌స్టేక్స్‌కి వంద అడుగుల దూరంలో, ఒడ్డు వైపు. పేరు సిటీ ఆఫ్ గ్రాండ్ రాపిడ్స్. 1879లో మిషిగన్‌లోని గ్రాండ్ హేవెన్‌లో కట్టిన ప్రయాణికుల ఓడ. 1907 అక్టోబరులో లిటిల్ టబ్‌లో కట్టేసి ఉండగా నిప్పంటుకుంది. రేవు తగలబడిపోతుందని ఓడని బయటికి లాగేశారు. అది మండుతూ మండుతూ కొట్టుకొచ్చి ఈ బిగ్ టబ్‌లో మునిగింది. చెక్క ఓడ, దాని కడుపులో పొయ్యి. ఆ కాలపు ఆవిరి ఓడల కష్టం ఒక్క ముక్కలో అదే. ఇప్పుడు చూస్తే అడుగుభాగం మాత్రం మిగిలింది. పక్కపక్కనే రెండూ చూస్తే నీళ్లలో మునిగిందానికీ, కాలి మునిగిందానికీ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, అది కూడా చూసి "ఇది ఎముకలు, అది బాడీ" అంది.

నాన్నకి ఇంకో అనుమానం. "చెరువులో ఓడ మునగడమేంట్రా?" ఒడ్డు కనబడని నీళ్లని ఆయన సముద్రమనే అనుకుంటున్నాడు, చెరువంటే ఒప్పుకోవడం లేదు. హ్యురాన్ సరస్సు దాదాపు 59,600 చదరపు కిలోమీటర్లు, కొల్లేళ్లు వంద పోసినా ఇంకా చోటు మిగులుతుంది. ఇక్కడి అలలు సముద్రపు అలల్లా పొడుగ్గా సాగవు, పొట్టిగా నిటారుగా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. తుఫానులో తప్పించుకుందామని ఎటు పరుగెత్తినా కాసేపటికి నేలో, రాయో తగులుతుంది. 1882 సెప్టెంబరు 14న ఇదే సరస్సులో భాగమైన జార్జియన్ బేలో ఏషియా అనే ప్రయాణికుల ఆవిరి ఓడ మునిగింది. వంద మందికి పైగా పోయారు. బతికింది ఇద్దరే, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఇద్దరూ ఇరవై దాటనివాళ్లు. ఆ దెబ్బ తర్వాతే ఈ తీరం కొలతలు సరిగ్గా తీసి మ్యాపులు గీయడం మొదలైంది. ఇది చెప్పాక నాన్న ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, 1839 తుఫానులో తాళ్లరేవు దగ్గరి కోరంగి కొట్టుకుపోయిన సంగతి వాళ్ల తాత చెప్పేవాడని అన్నాడు. ఈ ఒక్క కథ మైకులో చెప్పినా జనం ఫోన్లు పక్కన పెట్టి వినేవాళ్లని నా నమ్మకం.

ఇక అసలు సమస్య, టైము. రెండు ఓడల మీదా కలిపి బోటు ఆగింది పది నిమిషాలు. అద్దం దగ్గర జనం మూడు వరసలు. మా వంతు వచ్చేసరికి మిగిలింది మూడు నిమిషాలు. అద్దాల మీద గీతలు, ఎండ నెత్తి మీద ఉండటంతో మెరుపు. నాన్న పక్కనాయన్ని కొట్టినంత పని చేసి, భుజంతో నెట్టుకుని నిలబడ్డాడు. పైకొచ్చాక "సరిగ్గా చూడలేదు" అన్నాడు, చిన్నపిల్లాడు జాతరలో అన్నట్టు.

అందుకని ఆ రాత్రి ఊళ్లోనే ఆగిపోయాం. మర్నాడు మొదటి బోటుకి మళ్లీ టికెట్లు కొన్నాను. మా ఆవిడ ఖర్చు చూసి ఒకసారి కళ్లెత్తింది, నాన్న వైపు చూసి ఊరుకుంది. డబ్బున్నా లేకపోయినా నేనిచ్చే సలహా ఇదే: వెళ్తే మొదటి బోటుకే వెళ్లండి, వీలైతే వీక్‌డేలో. గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. బోటులో సగం సీట్లు ఖాళీ. ఇంకో సంగతి, కింది అంతస్తు కంటే పైన కమ్మీ దగ్గర నిలబడి వంగి చూస్తేనే ఓడ మొత్తం ఒకేసారి కనబడింది. ముందు నుంచి వెనక దాకా, చేప ఆకారంలో. పైన చూసి ఆకారం మనసులో పెట్టుకుని, అప్పుడు కిందికి దిగి వివరాలు చూడండి. మేం మొదటిరోజు ఇది తిరగేసి చేశాం.

తర్వాత పార్క్స్ కెనడా వాళ్ల విజిటర్ సెంటర్‌కి కూడా వెళ్లాం. ఇక్కడి నీళ్లన్నీ ఫాథమ్ ఫైవ్ నేషనల్ మెరైన్ పార్కు కిందికి వస్తాయి, 1987లో పెట్టారు. ఇరవైకి పైగా ఓడలు కింద ఉన్నాయి. డైవింగ్ చేసేవాళ్లు ఇక్కడ పేరు రాయించుకోవాలి. 20 మీటర్ల టవర్ ఉంది, నాన్న ఎక్కలేదు, పాపా నేనూ ఎక్కాం. ఓడల గురించి బోటులో వినబడని మాటలన్నీ ఇక్కడ నింపాదిగా చదువుకోవచ్చు. వరస మార్చి ముందు ఇక్కడికొచ్చి, తర్వాత బోటెక్కితే ఇంకా బావుంటుంది.

తిండి గురించి ఏం రాయను, పులిహోర, పెరుగన్నం మేమే పట్టుకెళ్లాం. హార్బర్ దగ్గర చేప ఫ్రై నాన్నకి నచ్చలేదు, "ఉప్పేదిరా" అన్నాడు.

రేటింగ్ అంటే ఓడలకి అయిదుకి అయిదు, నిర్వహణకి మూడు. వివరణ బాగుచేసి, అద్దాలు మార్చి, ఆ ఆగే పది నిమిషాలు ఇరవై చేస్తే నేను ఏటా వస్తాను.

రెండోరోజు కిందికి దిగాక నాన్న మాతో మాట్లాడలేదు. డెక్కు పలకలు ఊడిన చోట లోపలి దూలాలు కనబడుతున్నాయి. వేలు అద్దానికి ఆనించి వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నాడు. ఏంటి తాతయ్యా అని పాప అడిగితే, "దూలానికీ దూలానికీ ఎంత ఎడం పెట్టాడో చూస్తున్నా తల్లీ, ఆగు" అన్నాడు. పదకొండు దాకా వచ్చాడు. అప్పుడే ఇంజిన్ చప్పుడు పెరిగింది, బోటు తిరిగింది.