తాతగారి గ్రామఫోన్ ప్లేట్లు, స్థానం వారి గొంతు

తెనాలిలోని మా తాతగారి ఇంటి అటక దులుపుతుండగా చెక్కపెట్టెలో ఆరు గ్రామఫోన్ ప్లేట్లు దొరికాయి. వాటిలో రెండు, రంగస్థలం మీద స్త్రీ వేషాలకు పేరుపొందిన నటుడు స్థానం నరసింహారావు గారివి. ఒకదాని మీద శ్రీకృష్ణతులాభారం నాటకంలో సత్యభామ పాడే ‘మీరజాలగలడా నా యానతి’ పాట ఉంది. వాటిని కంప్యూటరులో వినగలిగేలా మార్పించడానికి నేను రెండు చోట్లకు వెళ్లవలసి వచ్చింది. రెండవ చోట, అంటే విజయవాడ గవర్నరుపేటలోని ఒక చిన్న రికార్డింగు గదిలో, జరిగిన పని గురించి ఈ సమీక్ష.

మొదటి దుకాణం పేరు చెప్పను. అక్కడ ఈ ప్లేట్లకు కావలసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే యంత్రం లేదు. ప్లేటును 45 చుట్ల వేగంతో తిప్పి, ఆ ధ్వనిని కంప్యూటరులో అంచనాగా పెంచి ఇచ్చారు. గరగరలు పోవాలని వాడిన శుద్ధి వల్ల పాదాల చివర గాలిలో కలిసిపోవలసిన అక్షరాలు మధ్యలోనే తెగిపోయాయి. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. వేగం ఎక్కువై గొంతు సన్నబడింది. ఆడవేషం కదా, గొంతు కూడా ఇలాగే ఉండేదేమో అనుకుని నేను నాలుగు నెలలు దాన్నే విన్నాను. ఒక మహానటుడి కళ గురించి నాకు నేనే ఒక అబద్ధం నేర్పుకున్నానని ఇప్పుడు తెలిసి బాధ కలుగుతోంది.

గవర్నరుపేట గదిలోని పెద్దాయన ముందు ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూశారు. “గీతలు చూసి భయపడకండి మాస్టారూ, ఇవి పైపైవే. పాట లోపల ఉంది” అన్నారు. ఇది లక్కతో చేసిన ప్లేటు కనుక స్పిరిటు తగిలితే కరుగుతుందని చెప్పి, శుద్ధి చేసిన నీటితో, మెత్తని కుంచెతో, గాడి వెంబడే తుడిచారు. తర్వాత ముల్లు మార్చారు. తర్వాతి కాలపు ఎల్పీ రికార్డులకు వాడే సన్నని ముల్లు ఈ వెడల్పాటి గాడిలో అడుగుకు జారి అక్కడి మట్టిని గీకుతుందనీ, దానికి దాదాపు మూడింతలు లావైన ముల్లు కావాలనీ వివరించారు. నాకు అన్నిటికంటే నచ్చింది వేగం సరిచూసిన పద్ధతి. ఆ కాలంలో అన్ని ప్లేట్లనూ కచ్చితంగా 78 చుట్లతో ముద్రించలేదు. అందుకని ఆయన పక్కన హార్మోనియం పెట్టుకుని, రికార్డులోని హార్మోనియం శ్రుతి ఏ రెండు మెట్ల మధ్యా వేలాడకుండా ఒక మెట్టు మీద కూర్చునేదాకా వేగం తగ్గిస్తూ వచ్చారు. ప్లేటు 76 చుట్ల దగ్గర కుదురుకుంది.

అప్పుడు వినిపించిన గొంతు స్త్రీని అనుకరించే గొంతు కాదు. మగవాడి గొంతే, కానీ మాటను మెత్తగా వదిలే తీరులో, ‘నా’ అన్న చోట ఒక్క క్షణం ఆగి అహంకారంతో సాగే తీరులో సత్యభామ ఉంది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే ఆ లోటు తీర్చడానికి తొలిసారి చీర కట్టిన కుర్రవాడు, తర్వాత తెనాలి రామవిలాస సభ అనే నాటక సమాజంలో చేరి, చిత్రాంగి, రోషనార, మధురవాణి వంటి ఒకదానితో ఒకటి పొత్తు కుదరని స్త్రీలను దశాబ్దాల తరబడి ఎలా నిలబెట్టగలిగారో నాకు ఆ మూడు నిమిషాలలో అర్థమైంది. కీచుగొంతుతో అయితే సత్యభామతో కలిపి ఆ నలుగురూ ఒక్కరిలాగే వినిపించేవారు. శ్రీకృష్ణతులాభారం కోసం ఈ పాటను ఆయనే రాసుకున్నారు. రంగస్థలం మీద పల్లవినే తిప్పి తిప్పి, ప్రతిసారీ కొత్త అభినయంతో చూపేవారని తాతగారు చెప్పేవారు. ప్లేటుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు మాత్రమే కనుక ఆ విస్తారం ఇందులో లేదు. 1966 నాటి సినిమాలో జమున గారి మీద సుశీల గారి గొంతుతో ఈ పాట విన్నవారికి దీని మూలం ఎంత నెమ్మదైనదో వింటేనే తెలుస్తుంది. స్థానం వారు కూడా రాధాకృష్ణ, సత్యభామ చిత్రాలలో నటించారు గానీ, ఆయన స్థానం నాటకశాలే. 1956లో పద్మశ్రీ వచ్చింది, 1971లో కన్నుమూశారు.

సేవలో లోపాలు లేకపోలేదు. వారం అని చెప్పిన పని మూడు వారాలు పట్టింది. ఫైళ్లకు అంకెలు మాత్రమే పెట్టారు, ఏది ఏ పాటో విని తెలుసుకోవాలి. ప్లేటు మధ్యనున్న కాగితం ఫొటో అడిగితే తప్ప ఇవ్వలేదు, అది మాత్రం వారే స్వయంగా ఇవ్వవలసినది. ఒక్కో వైపుకు 400 రూపాయలు ఎక్కువే, అయినా శుద్ధి చేయని ప్రతినీ, చేసిన ప్రతినీ రెండింటినీ ఇచ్చారు కనుక నేను బేరమాడలేదు. శుద్ధి చేసిన ప్రతిలో కూడా చిన్న గరగర ఉంచారు. దాన్ని తీస్తే ఊపిరి కూడా పోతుందని ఆయన అన్న మాట నిజమని రెండు ప్రతులూ పక్కపక్కన విన్నాక ఒప్పుకున్నాను.

స్థానం వారి రెండవ ప్లేటుకు అంచున పగులు ఉంది. ముల్లు అక్కడికి వచ్చినప్పుడల్లా టక్కుమంటుంది. దాన్నీ, మిగతా నాలుగింటినీ ఉగాది దాటాక అదే గదికి తీసుకెళ్తాను.